సరుకుకు యాభై అడుగులు, సంసారానికి తొమ్మిది

మోడల్ పడవ చేయించుకోవడానికి నా దగ్గరకు వచ్చేవాళ్ళు రెండు రకాలు. గాజు పెట్టెలో పెట్టి చూసుకునేవాళ్ళు ఒక రకం. ఆదివారం పూట చెరువులో వదిలి రిమోట్‌తో నడుపుకునేవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళకు లోపలి సామాను ముఖ్యం, రెండోవాళ్ళకు మోటారూ బ్యాటరీ చుక్కానీ ముఖ్యం. ఇద్దరికీ నేను చెప్పే ధర వేరు, పని చేసే తీరు వేరు.

78 ఏళ్ళ ఆవిడ ఒకరు వచ్చి రెండూ ఒకే పడవలో కావాలన్నారు.

"నీళ్ళ మీద నడవాలి. పైకప్పు తీస్తే మా ఇల్లు కనపడాలి."

ఆ ఇల్లు ఒక సరుకుల పడవ వెనకభాగంలోని గది. ఆవిడ పుట్టి పెరిగింది అందులోనే. ఫొటోలు మూడు తెచ్చారు. మూడింట్లోనూ పడవ బయటనుంచే కనిపిస్తోంది. లోపలిది ఆవిడ చెప్పాలి, నేను కొలుచుకోవాలి. రెండు రోజులు గడువడిగి, మూడో రోజు సరేనన్నాను. ఆ రెండు రోజులూ నేను చేసిన పనల్లా కూడికలూ తీసివేతలే. ఎందుకంటే ఇలాంటి పడవకు మొదటి శత్రువు నీరు కాదు, బరువు.

నాది నరసాపురం పక్క పల్లె. మా తాత నరసాపురం కాలవ మీద ఒక లాకు దగ్గర లస్కరుగా పనిచేశాడు. లాకంటే ఏమిటో, తలుపులు మూసి నీళ్ళు నింపి పడవను మెట్టెలా ఎక్కిస్తారో నాకు బడికి వెళ్ళకముందే తెలుసు. నేను పుట్టేనాటికి ఆ తలుపుల మధ్యకు వచ్చే పడవలు దాదాపు ఆగిపోయాయి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కు పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలవలు పొలాలకే అనుకుంటాం కానీ, ఆయన లెక్కలో పడవలకూ వాటా ఉంది. సరుకు రవాణాకు రైలుకన్నా కాలవే చవకని జీవితాంతం వాదించిన మనిషి ఆయన. ఆ వాదన మా ఊళ్ళోనూ నెగ్గలేదు, ఆయన దేశంలోనూ నెగ్గలేదు.

చదువయ్యాక హైదరాబాదులో అపార్టుమెంట్ల మోడళ్ళు చేసే షాపులో చేరాను. రియల్ ఎస్టేటు ఆఫీసుల్లో గాజు కింద లైట్లు వేసి పెడతారే, అవే. నూరో వంతు, రెండు వందలో వంతు. ప్లాటు ఎంత చిన్నదో చెట్లు అంత ఎక్కువ పెట్టాలనేది అక్కడి మొదటి పాఠం. 2007లో బర్మింగ్‌హామ్‌లో అలాంటి షాపులోకే వచ్చాను. మరుసటేడు ఇళ్ళ వ్యాపారం కుదేలయ్యేసరికి షాపులో బల్లలు ఖాళీ అయ్యాయి. మధ్యాహ్నం పూట కాలవ గట్టున నడిచేవాణ్ణి. గ్యాస్ స్ట్రీట్ బేసిన్‌లో కట్టేసి ఉన్న పొడుగాటి పడవలను అక్కడే చూశాను. మొదట నవ్వొచ్చింది. మా గోదావరి పడవ ముందు ఇవి దోసకాయ ముందు ములక్కాడల్లా ఉన్నాయి.

ఆ ఆకారం ఎవరి సరదా కోసమూ రాలేదు. బ్రిండ్లీ అనే ఇంజనీరు తవ్విన బ్రిడ్జ్‌వాటర్ కాలవ మీద 1761లో వర్స్‌లీ గనుల బొగ్గు మాంచెస్టర్ దారి పట్టింది. తర్వాత ఆయన ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలవ చేపట్టాడు. దానికి 1766లో అనుమతి వచ్చింది, 1777లో పని పూర్తయింది. ఆ మధ్యలో 1772లో బ్రిండ్లీ పోయాడు. దారిలో కొండ కింద పొడుగాటి సొరంగం తవ్వాలి, ఎత్తులెక్కడానికి లాకులు కట్టాలి. వెడల్పు పెరిగేకొద్దీ ఖర్చూ నీళ్ళూ పెరుగుతాయి. అందుకని లాకును 7 అడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవుకు దించేశాడు. ఇక ఆ దారిన పోయే పడవ ఏదైనా ఆ అచ్చులో పట్టాల్సిందే. 250 ఏళ్ళయినా ఆ కొలత మారలేదు. ఒక మనిషి వేసిన లెక్కలో తరతరాల కుటుంబాలు కాళ్ళు ముడుచుకుని పడుకున్నాయి.

కుటుంబాలు పడవెక్కడానికీ లెక్కే కారణం. రైళ్ళు వచ్చి కిరాయిలు పడిపోయాక, గట్టు మీద ఇంటికి అద్దె కట్టే స్తోమత చాలామంది పడవవాళ్ళకు లేకపోయింది. జీతగాడి బదులు భార్యాబిడ్డలే లాకులు తెరిచారు, గుర్రాన్ని తోలారు, చుక్కాని పట్టారు. డబ్బు మాత్రం మోసిన టన్నును బట్టి మగాడి చేతికి వచ్చేది. టన్నులు ఎక్కువ పట్టాలంటే గది చిన్నదవ్వాలి. 70 అడుగుల మోటారు పడవలో సుమారు 50 అడుగులు సరుకుకు పోతుంది. ముందు మొన, వెనక నిలబడే చోటు, ఇంజను గది తీసేస్తే సంసారానికి మిగిలేది తొమ్మిదడుగుల పైచిలుకు. వెడల్పు 7 అడుగుల లోపే. జార్జ్ స్మిత్ అనే ఆయన గొడవ చేసి చేసి 1877లో ఒక చట్టం తెప్పించాడు. ఆ తర్వాత పడవలను రిజిస్టరు చేసి, ఏ గదిలో ఎంతమంది ఉండొచ్చో రాయడం మొదలెట్టారు. గది పెరగలేదు, కాగితం వచ్చింది.

ఇక నా లెక్క. నేను ఎంచుకున్న కొలత పన్నెండో వంతు. అడుగుకు అంగుళం. చేతికి అలవాటైన కొలత, మనసులో తిప్పుకోవడం తేలిక. 70 అడుగుల పడవ 70 అంగుళాలవుతుంది, అంటే నా ఎత్తుకన్నా కొంచెం ఎక్కువ. వెడల్పు జానెడు కూడా లేదు. పొడవు పన్నెండో వంతు అయితే బరువు పన్నెండో వంతు కాదు. పొడవు, వెడల్పు, లోతు మూడూ తగ్గుతాయి కాబట్టి 12ను మూడుసార్లు హెచ్చవేసి 1728తో భాగించాలి. నిండా సరుకుతో పడవ 35 టన్నులుంటే మోడల్ 20 కిలోలు తూగాలి. అంతకన్నా తక్కువైతే బెండులా పైకి తేలి బొమ్మలా కనిపిస్తుంది. ఎక్కువైతే మునుగుతుంది. నీటి గీత తప్పితే లోపల ఎంత పనితనం ఉన్నా చూసేవాడి కన్ను నమ్మదు.

20 కిలోలను 78 ఏళ్ళావిడ ఎత్తలేరు. అందుకని పడవను 12 కిలోలకే ఆపి, మిగిలిన 8 కిలోలను విడి సరుకుగా చేశాను. రెండేసి కిలోల సీసం గుళ్ళు నింపిన నాలుగు రేకు డబ్బాలు, వాటి మీద అంటించిన బొగ్గు పొడి. చెరువు దగ్గరకు వెళ్ళాక ఒక్కొక్కటే దించుకోవచ్చు. దించినకొద్దీ పడవ కిందికి దిగుతుంది, అసలు పడవ రేవులో దిగినట్టే. దాదాపు 280 గ్రాములకు ఒక మిల్లీమీటరు. ఈ అంకె బల్ల ముందు గోడ మీద రాసి పెట్టుకున్నాను. పక్కనే గ్రాముల తూకం మిషను, ఒక రూళ్ళ పుస్తకం. పడవలోకి వెళ్ళే ప్రతి వస్తువూ ముందు మిషను ఎక్కాలి, తర్వాత పుస్తకం ఎక్కాలి. బరువెంత, ఎడమా కుడా, ముందా వెనకా. పుస్తకంలో రాయకుండా మేకు కూడా కొట్టను.

గుల్ల కట్టడం గురించి ఎక్కువ చెప్పను, వడ్రంగం తెలిసినవాళ్ళకు అందులో వింత లేదు. అసలు చెక్క పడవలకు పక్కలు ఓకు చెక్క, అడుగున ఎల్మ్ బల్లలు అడ్డంగా పరిచేవారు. సందుల్లో తారు, ఆవు వెంట్రుకలు, గుర్రపు పేడ కలిపి కాచిన ముద్ద పూసేవారు. నేను పలచటి బిర్చి ప్లైవుడ్‌తో చేసి లోపల ఎపాక్సీ పూశాను. మా పొణికి కర్రలా కత్తికి లొంగే లైమ్ చెక్కతో మొనలు చెక్కాను. కష్టమల్లా వెనకభాగం దగ్గరే. పైన పళ్ళెంలా గుండ్రంగా ఉండి, నీటి కింద చేప తోకలా సన్నబడాలి. ఆ సన్నబడే ఒంపు సరిగా లేకపోతే ప్రొపెల్లర్‌కు నీళ్ళందవు. వెనక గాలిబుడగలు వదులుతుంది కానీ పడవ కదలదు. ఆ ఒంపుకు ఉప్పు కాగితంతో నాలుగు రోజులు పట్టింది.

తర్వాత అసలు తగాదా మొదలైంది. నడవాలంటే మోటారు, రెండు బ్యాటరీలు, రిసీవరు, స్పీడ్ కంట్రోలరు, చుక్కాని తిప్పే సర్వో అన్నీ లోపలే పెట్టాలి. కనపడాలంటే వీటిలో ఒక్కటీ కంటికి తగలకూడదు. బ్యాటరీలు సీసానివి, ఒక్కోటి రెండు కిలోలు. బరువు ఎలాగూ కావాలి కనుక వాటిని సరుకు గదిలో టార్పాలిన్ కింద అడుగుకు ఆనించి పెట్టాను. మోటారు అసలు ఇంజను ఉండే గదిలోనే కూర్చుంది, పళ్ళ బెల్టుతో దాని వేగం తగ్గించాను. రిసీవరు తీగలు నీటిమట్టానికి పైన ఉండాలి. ఈ కాలపు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో నీటి కింద ఎక్కువ దూరం వినిపించుకోదు. కనుక తీగలను ఇంజను గది పైకప్పు లోపలివైపు అంటించాను. ప్రొపెల్లర్ కడ్డీ వెనక గది నేల కిందుగా పోతుంది. ఇందులో నా తెలివేం లేదు, అసలు పడవలోనూ కడ్డీ అక్కడే తిరిగేది. రాత్రి దాకా పడవ నడిచిన రోజుల్లో పిల్లలు ఆ చప్పుడు మీదే నిద్రపోయేవారట.

మిగిలింది సర్వో. అగ్గిపెట్టె అంత ఉంటుంది. చుక్కానికి దగ్గరగా ఉండాలి. వెనక గదిలో తప్ప దానికి చోటు లేదు. వారం రోజులు తల పట్టుకుని, చివరకు అడ్డమంచం కింది అల్మారాలో దాచాను. ఆ అల్మారా తలుపు గీత గీసి, పిడి పెట్టి, తెరుచుకోకుండా అంటించేశాను. గది మొత్తంలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

గది కొలతల కోసం ఎల్స్‌మీర్ పోర్ట్‌లో ఉన్న జాతీయ జలమార్గాల మ్యూజియానికి రెండుసార్లు, స్టోక్ బ్రూయెర్న్ కాలవ మ్యూజియానికి ఒకసారి వెళ్ళాను. లోపల కాలు పెడితే మొదట తట్టేది ఇరుకు కాదు, ఆ ఇరుకును వాడుకున్న తెలివి. వెనక తలుపులోంచి దిగేటప్పుడు కాలేసే మెట్టే బొగ్గు పెట్టె. ఎడమ చేతివైపు పోత ఇనుప పొయ్యి, ఇత్తడి కమ్ములతో. దాని పక్కన నిలువు అల్మారా. దాని తలుపు కిందికి దించితే భోజనాల బల్ల అవుతుంది, ఎత్తితే మళ్ళీ అల్మారా. కుడివైపు పొడుగునా బల్ల, పగలు కూర్చోవడానికి, రాత్రి పిల్లలు పడుకోవడానికి. ముందు గోడకు అడ్డంగా అమ్మానాన్నల మంచం. పగలు మడిచి గూట్లోకి తోసేస్తారు. ఆ గూటికి అడ్డుగా లేసు తెర.

ప్రతి వస్తువుకూ రెండు పనులున్న ఇల్లు అది. దాన్ని చిన్నది చేసేవాడికి ఒక్కో వస్తువు రెండుసార్లు చేసినంత పని. బల్లగా మారే తలుపుకు అర మిల్లీమీటరు ఇత్తడి తీగతో మడతబందులు చేశాను. మొదటిది తెరుచుకుంది కానీ మూసుకోలేదు, రెండోది మూసుకుంది కానీ నిలవలేదు. ఐదోది పని చేసింది. పొయ్యిని తెల్లలోహంతో పోత పోశాను. గోడలకు పసుపు పూత మీద గోధుమరంగు పూసి, అది ఆరకముందే దువ్వెన గీకి ఓకు చెక్క రేఖలు తెచ్చాను. అసలు పడవల రంగులవాళ్ళు చేసేదీ అదే. చవక చెక్కను ఖరీదైన చెక్కగా చూపించడం. నా దువ్వెన పాత టూత్‌బ్రష్షు.

లేసు దగ్గర ఆగిపోయాను. పడవల ఆడవాళ్ళు వాళ్ళే క్రోషాతో అల్లిన లేసు మంచం గూటికి, అల్మారా అంచులకు వేలాడదీసేవారు. బజార్లో దొరికే సన్న లేసు ఏది పెట్టినా ఆ గదిలో చేపల వలలా కనిపించింది. అప్పుడు మా అమ్మకు ఫోన్ చేశాను.

మా నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లని ఇల్లు మా చిన్నప్పుడు అరుదు. మిషనరీలు నేర్పిన పని అది, తర్వాత ఎగుమతి వ్యాపారమైంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఆ ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. ఏజెంటు దారం ఇచ్చి, డజన్ల లెక్కన డబ్బిచ్చి పట్టుకెళ్ళేవాడు. గడప మీద కూర్చుని అల్లేది కనుక దాన్ని ఎవరూ పని అనుకోలేదు, తీరిక అనుకున్నారు. అమ్మ అల్లినవి ఏ దేశం వెళ్ళాయో ఆవిడకు తెలియదు. ఈసారి తెలిసి అల్లుతుంది కదా అనుకున్నాను.

"అంచు ఎంత వెడల్పు కావాల్రా?"

"అర సెంటీమీటరమ్మా. అసలుది రెండున్నర అంగుళాలు. దాన్ని పన్నెండో వంతు చెయ్యి."

"ఒరేయ్, అంచు పన్నెండో వంతు చేస్తావు. దారాన్ని చేస్తావా? నా వేళ్ళను చేస్తావా?"

నాలుగు నెలల పాటు నేను గోడ మీద రాసుకున్న లెక్కలన్నిటినీ మించిన మాట అది. దారానికీ ఒక సైజుంది, వేలికీ ఒక సైజుంది, వాటి కిందికి పోలేవు. పన్నెండు కన్నాలున్న పువ్వును పన్నెండు కన్నాలతోనే చిన్నది చేయబోతే ముద్దవుతుంది. అమ్మ దాన్ని మూడు కన్నాలకు తగ్గించింది. కుట్టుపని దారాన్ని పురి విప్పి ఒంటి పోగు తీసి, లేసు సూదుల్లో అన్నిటికన్నా సన్నదాన్ని పట్టుకుని, పొద్దుటి వెలుగులో మాత్రమే కూర్చుని, మూరెడు అంచు అల్లి కవర్లో పెట్టి పంపింది. తూకం మిషను మీద పెడితే అంకె మారలేదు. పుస్తకంలో సున్నా అని రాశాను.

పువ్వులకూ అదే సూత్రం పనికొచ్చింది. ఈ పడవల తలుపుల మీద, నీళ్ళ డబ్బాల మీద గులాబీలు, కోటలు వేస్తారు. మన లారీల వెనక తామరపూలూ నెమళ్ళూ వేసినట్టే, బండిని ఇల్లు చేసుకునే అలవాటు. ఆ కోటలూ కొండలూ సరస్సులూ ఆ కాలవల గట్టున ఎక్కడా లేవు. గులాబీకి ముందు ముదురు రంగు చుక్క పెట్టి, దాని మీద రెక్కకు ఒక్క కుంచె దెబ్బ. దిద్దడం ఉండదు. మొదట్లో నేను భూతద్దం పెట్టుకుని తొమ్మిది రెక్కలు లెక్కపెట్టి వేస్తే ఆరు మిల్లీమీటర్ల పువ్వు పుండులా తయారైంది. అమ్మ మాట గుర్తొచ్చి నాలుగు రెక్కలకు దిగాను. గులాబీ వచ్చింది.

అంతా బాగుందనుకున్న రోజే దెబ్బ తగిలింది. ఇత్తడి పిడులను సూపర్‌గ్లూతో అంటించి, దుమ్ము పడకుండా పైకప్పు మూసి పడుకున్నాను. ఆ జిగురు ఆరేటప్పుడు ఆవిరి వదులుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరికి దారి లేదు. పొద్దున పైకప్పు తీస్తే గుండ్రటి కిటికీ అద్దం పాలు పోసినట్టుంది, పొయ్యి కమ్ములు బూడిద పూసుకున్నాయి, తలుపు మీది కోటకు మంచు పట్టింది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడికి ఇది తెలియక కాదు, తొందర. మూడు వారాల పని మళ్ళీ చేశాను. ఇప్పుడు లోపలి పనికి ఎపాక్సీయే వాడతాను, రాత్రంతా తెరిచే ఉంచుతాను.

నీళ్ళలో దించిన రోజు ఇంకో పాఠం. స్నానాల తొట్టి చాలక పక్కింటివాళ్ళ పిల్లల రబ్బరు ఈతతొట్టి అడిగి తెచ్చుకున్నాను. పడవ తేలింది, ఎడమకు ఒరిగి తేలింది. ఎడమ అంచు అర సెంటీమీటరు పైగా కిందికుంది. పుస్తకం తిరగేస్తే దొంగ దొరికాడు. పొయ్యి, అల్మారా, గోడకు వేలాడే పళ్ళేలు అన్నీ ఎడమవైపే. కుడివైపు తేలిక చెక్క బల్ల, దాని మీద దిండు. తేడా 200 గ్రాములు. 12 కిలోల పడవలో 200 గ్రాములంటే ఏ మూలకొస్తుందని అనుకుంటాం. జానెడు వెడల్పు లేని పడవకు అది చాలు. ఒక బ్యాటరీని కుడివైపుకు వేలు మందం జరిపాను. నిలబడింది.

నడక కుదర్చడానికి ఇంకో వారం పట్టింది. అసలు పడవ గంటకు మూడు మైళ్ళు పోయేది. మోడల్ వేగం పన్నెండో వంతు చేస్తే కదిలినట్టే ఉండదు. నీటి మీద అలలు సరైన పోలికలో రావాలంటే వేగాన్ని 12తో కాదు, దాని వర్గమూలంతో భాగించాలి. అంటే సుమారు మూడున్నరతో. సెకనుకు 40 సెంటీమీటర్లు, తప్పటడుగులేసే పిల్లవాడి నడక. కంట్రోలరులో పైవేగానికి అక్కడ తాళం వేశాను. గాలికి మాత్రం తాళం లేదు. చెరువు మీద వీచే గాలికి నా కొలత తెలియదు. సరుకు డబ్బాలు లేకుండా వదిలితే పడవ పక్కకు ఆకులా కొట్టుకుపోతుంది. సరుకుంటేనే దానికి నిలకడ. పాత పడవవాళ్ళూ ఖాళీ పడవ నడపడాన్ని రెండు విధాలా తిట్టుకునేవారట, గాలి తోస్తుందని, కిరాయి రాదని.

అప్పగించే రోజు ఒక పార్కులోని చెరువు గట్టున కలుసుకున్నాం. ఆవిడ వెంట మేనల్లుడు వచ్చాడు. ముందు నడిపి చూపిద్దామనుకున్నాను. ఆవిడ పైకప్పు తీయమన్నారు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చూపుడువేలు పొయ్యి దాటి, బల్ల దాటి, అమ్మ అల్లిన లేసును కొసతో పక్కకు జరిపి, నేరుగా అడ్డమంచం కింది అల్మారా దగ్గరకు వెళ్ళింది.

"ఇది తెరుచుకోదేం?"

చుక్కాని తిప్పే మిషను లోపలుందని చెప్పాను. ఇంకెక్కడా పట్టలేదన్నాను.

ఆవిడ నవ్వారు. "మా బట్టలన్నీ అందులోనే ఉండేవి. అయితే ఇక్కడ కూడా పడవ అవసరమే ముందు వచ్చిందన్నమాట."

తర్వాత గోడ మీది పళ్ళేలు లెక్కపెట్టారు. మ్యూజియంలో చూసినట్టు అంచుకు కన్నాలున్న పళ్ళేలు పదకొండు వేలాడదీశాను. వాటిలో ఎనిమిది తీసేయమన్నారు. "మాకు మూడే. మంచు పడ్డ ఏడు రెండు అమ్మేశాం, తర్వాత ఒకటే." ఆ మంచు 1962–63 చలికాలంలోది. రెండు నెలలకు పైగా కాలవలు గడ్డకట్టి పడవలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. మా తాత కాలంలో ఎండాకాలం కాలవ కట్టేస్తే పడవలు బురదలో కూర్చునేవి, కానీ ఎప్పుడు నీళ్ళొదులుతారో తేదీ తెలిసేది. వీళ్ళకు తేదీ లేదు. మంచు కరిగాక సరుకులు చాలావరకు లారీలెక్కేశాయి. 1948 నుంచి ప్రభుత్వం చేతిలో ఉన్న ఆ పడవల్లో ఎక్కువ భాగాన్ని 1963లో ఆపేశారు. బొగ్గును లండన్ పక్కనున్న జామ్ ఫ్యాక్టరీకి మోసిన పడవలు 1970 దాకా తిరిగాయి. అదీ ఆగింది. అప్పటికి ఈవిడ గట్టెక్కి ఏడేళ్ళయింది, ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరారు.

పట్టకారుతో పళ్ళేలు తీస్తుంటే నాకు సిగ్గేసింది. నేను కట్టింది మ్యూజియం. ఆవిడ అడిగింది ఇల్లు. తుడిచి, సర్ది, అన్నీ వేలాడదీసిన గదిని ఎవరూ రోజూ కాపురానికి వాడరు. పొయ్యి పైన తడి కోటు ఆరేయాలన్నారు, మెట్టు మీద పాత సంచి పరవాలన్నారు. రాసుకున్నాను.

"ఇంకొకటి. పైకప్పు మీద పొగగొట్టం పక్కన ఒక పగ్గం."

అర్థం కాలేదు. చిన్నపిల్లలు నీళ్ళలో పడిపోకుండా నడుముకు పట్టీ కట్టి, పగ్గంతో పైకప్పుకు కట్టేసేవారట. వాళ్ళమ్మ చుక్కాని పట్టుకుని నిలబడితే ఎదురుగా పైకప్పు మీద ఈవిడ. మూడేళ్ళు నిండే దాకా ఆవిడ లోకం ఆ పగ్గం పొడవంత. ఎంత పొడవని అడిగాను. చేతులు చాపి చూపించారు. "అంచు దాకా వెళ్ళగలను. అంచు దాటలేను."

ఇంటికొచ్చి తోలు పేలికను కోసి పట్టీ చేశాను. పగ్గానికి అమ్మ పంపిన దారమే మిగిలితే అది వాడాను. పొడవు మాత్రం మూడుసార్లు మార్చాను. పైకప్పు సగం వెడల్పు మూడు అంగుళాలు, అంచుకు చేరాలి, దాటకూడదు.

తూకం మిషను మీద పెట్టాను. పుస్తకంలో చివరి పద్దు అదే. పగ్గం, పట్టీ, పొగగొట్టం పక్కన, ఎడమవైపు, గ్రాము లోపు. దానికి సరిపడా కుడివైపు ఏమీ జరపలేదు.